పేరడుగని మేలు

మన యిండ్లలో పెండ్లి జరిగినపుడు పందిటిలో ఒక మూల పద్దు పుస్తకము పట్టుకొని ఒకరు కూర్చుండుట మీరందఱును చూచియే యుందురు. ఎవరు చీర పెట్టిరి, ఎవరు బిందె తెచ్చిరి, ఎవరు ఎన్ని రూపాయలు చదివించిరి, అన్నియు అందులో వ్రాయబడును. రేపు వారింట శుభకార్యమైనపుడు ఆ పుస్తకము తెఱచి, అంతకు తగ్గకుండ మనము తిరిగి పెట్టుదుము. ఇది తప్పు గాదు. ఇచ్చి పుచ్చుకొనుటవలననే బంధుత్వములు నిలుచుచున్నవి. పాలామెకు ఇయ్యవలసినదానికి లెక్క గలదు; చాకలికి ఇయ్యవలసినదానికి లెక్క గలదు; కిరాణా దుకాణమునకు లెక్క గలదు. ఇక మనకెవరైన కీడు చేసిరా, దానికి పుస్తకముతో పనియే లేదు. ఇరువదేండ్లు గడచినను తిథి వారములతో సహా అది మన నోటనే యుండును.

ఏ పద్దులోను చేరనిది ఒక్కటే. మునుపు మన మెన్నడును చూడనివారు, ఇకముందు చూడబోనివారు, దారిలో మనకు చేసి పోయిన చిన్న మేలు. బస్సులో మన చంటిబిడ్డను తన యొడిలోనికి తీసికొన్న ముసలమ్మ పేరేమి? దవాఖానాలో చీటీ చేతబట్టుకొని దిక్కు తోచక నిలిచిన మన తల్లిని సరియైన గదియొద్దకు చేర్చిన పిల్లవాడెవరు? అంగడిలో జారిపడిన కొంగుముడి డబ్బులను ఏరి మన చేతిలో పెట్టినామె ఏ యూరిది? మన మడుగలేదు, వారు చెప్పలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట బస్సు ఆలస్యమైన సంగతి చెప్పుదుము, బేరములో మోసపోయిన సంగతి చెప్పుదుము. ఆ ముసలమ్మ సంగతి చెప్పము. దానినిగూర్చి నాలుగు మాటలు మీతో చెప్పుకొనవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

దీనికొక కారణము గలదు. మాది వేములఘాట్. సిద్దిపేట జిల్లాలో తొగుట మండలములోని పల్లె. 2016వ సంవత్సరములో క్రొత్త జిల్లాలు ఏర్పడువఱకు అది మెదకు జిల్లాలో నుండెను. నేడు ఆ పల్లెకు దారి యేదని యెవరైన అడిగినచో నీటిని చూపవలసినదే గాని మఱియొకటి లేదు. కాళేశ్వరము ఎత్తిపోతల పథకములో భాగముగ కట్టిన కొమురవెల్లి మల్లన్నసాగరము క్రింద, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపురము, లక్ష్మాపురము, రాంపురము మొదలగు పల్లెలతో పాటు మా యూరును మునిగినది. ఆ జలాశయము 50 టీఎంసీల నీటిని పట్టును. ఒక టీఎంసీ యనగా నూఱు కోట్ల ఘనపుటడుగులు. దానిని 2022వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన ప్రారంభించిరి. అంతకు ముందటి యేట, అనగా 2021లో, మా యూరివారము గజ్వేలు చెంత ముట్రాజుపల్లియొద్ద కట్టిన కాలనీకి చేరితిమి.

ఊరిలో నున్నంతకాలము పరాయివారనగా నెవరో మాకు తెలియదు. పాలు పోయునామె మాకు వదిన. కుండలు చేయునతడు పెదనాయన. గొఱ్ఱెలు కాచునతడు బావ. కులమేదైనను వరుస లేని మనిషి మా వాడలో లేడు. ఇంట ఉప్పు నిండుకొన్నచో గిన్నె పట్టుకొని గోడప్రక్కకు పోవుటయే గాని, అది యొక సహాయమని గాని, దానికి కృతజ్ఞత చెప్పవలెనని గాని మాకు తోచియుండలేదు. గాలి వీచినందుకు ఎవరు మ్రొక్కుదురు? ఊరు పోయిన తరువాతనే మేము ఇతరులకు పరాయివారమైతిమి. అప్పటినుండియే పరాయివారి దయ యెంతటిదో మాకు తెలియుచున్నది.

అంతకుముందు జరిగిన యొక సంగతి చెప్పవలసియున్నది. అది చెప్పుట మాకు సిగ్గు. అయినను అది చెప్పక తక్కిన మాటలు చెప్పుటకు మాకు అర్హత లేదు.

మా తండ్రిగారు మమ్ము బడికి పంపక, ఇంటనే కూర్చుండబెట్టి భారత భాగవతములు చదివించిరి. అత్తవారింటికి వచ్చిన తరువాతను ఆ యలవాటు మానలేదు. మావారు బడికి పోయిన పిమ్మట, వంటయిల్లు సర్దుకొని, మధ్యాహ్నము గడియసేపు చదువుకొనుచుండెడివారము. ఒక వైశాఖ మాసమున, ఎండ నిప్పులు చెఱగుచుండగా, తలుపు గడియ వైచికొని పోతనగారి భాగవతములో నవమ స్కంధము చదువుచుంటిమి. అందు రంతిదేవుని కథ గలదు. ఆ రాజు తన కుటుంబముతో నలువదియెనిమిది దినములు అన్నోదకములు లేక మాడెను. తరువాత కొంచెము ఆహారము దొరికెను. తినబోవునంతలో అతిథులు ఒకరి వెనుక నొకరు వచ్చి అంతయు భుజించి పోయిరి. కడకు ఒక్కని దాహమునకు సరిపడు నీరు మిగిలెను. ఆ నీరు నోటికెత్తుకొనబోవు సమయమున దప్పికతో నొకడు వచ్చి యాచించెను. రాజు వాని కులమడుగక, తన ప్రాణము చూచుకొనక, ఆ నీటిని వానికి పోసెను. మాకు కన్నులు చెమ్మగిల్లినవి.

సరిగా నప్పుడే వాకిట నెవరో పిలిచిరి. “అవ్వా, జెరన్ని నీళ్లు పొయ్యవా?”

కిటికీలోనుండి చూచితిమి. చంకలో బిడ్డ, నెత్తిమీద మూట, ఎఱుగని ముఖము. ఆ వారములోనే చుట్టుప్రక్కల దొంగలు తిరుగుచున్నారని, ఆడువారిని ముందు పంపుచున్నారని ఒక పుకారు పుట్టియుండెను. పైగా లేచి కుండయొద్దకు పోవుటకు బద్ధకము. ఏది ముందో ఏది వెనుకో చెప్పలేము. “ముందటింటికి పోవమ్మా” అని కిటికీలోనుండియే అంటిమి. ఆమె మాఱు పలుకక కదలిపోయెను.

మా ప్రక్కింట నొక అవ్వ యుండెడిది. ఆమెకు ఓనమాలు రావు. అరుగుమీద కూర్చుండి చింతపండు పిక్కలు తీయుచున్న యామె మా మాట వినెను. లేచి, “ఇటు రా బిడ్డా, నీడకు కూసో” అని పిలిచి, చెంబుతో నీరు పోసెను. బిడ్డకు గిన్నెలో చల్లపోసిన గట్క పెట్టెను. ఆ తల్లి నీరు త్రాగి, బిడ్డ మూతి తుడిచి, “నీ కడుపు సల్లగుండ” అని దీవించి తన దారిని తాను పోయెను.

సాయంకాలము మేము ఏమియు నెఱుగనివారివలె అవ్వను అడిగితిమి. “ఆమె యెవరవ్వా? ఏ ఊరు?”

అవ్వ చింతపండునుండి తల యెత్తకయే, “నాకేమెరుకనే బిడ్డా! దూపైతున్నదన్నది. నీళ్లు పొయ్యెటందుకు పేరడుగుతరా?” అనెను.

ఆమె మమ్ము ఎత్తిపొడువలేదు. ఎత్తిపొడుచుట ఆమె స్వభావము గాదు. కాని ఆ రాత్రి పుస్తకము తెఱవ మాకు చేయి రాలేదు. రంతిదేవునికై కన్నీరు పెట్టినది మేము. నీరు పోసినది అవ్వ.

తరువాత మా యూరికి కష్టకాలము వచ్చినది. భూములు, ఇండ్లు విడువలేక 2016వ సంవత్సరమున మా యూరివారు రిలే నిరాహార దీక్షలు మొదలిడిరి. అవి నెలల తరబడి సాగినవి. ఆ దినములలో ఎక్కడెక్కడివారో మమ్ము చూడవచ్చెడివారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, పత్రికలవారు, మునుపు మా యూరి పేరైనను వినియుండనివారు, మా ఆడువారితో పాటు చాపమీద కూర్చుండి మా గోడు వినిరి. వారు మా యూరిని నిలుపలేకపోయిరి. అయినను ఒక్కటి నిజము. మన దుఃఖమును తీర్చలేకపోయినను దానిని ఓపికతో వినువాడు ఆ పూట దానిలో కొంత మోసినవాడే. వారిలో నొక చదువుకొను పిల్ల మా ముసలివారికి విసనకఱ్ఱతో విసరుచు మధ్యాహ్నమంతయు కూర్చుండెను. ఆమె పేరును మే మడుగలేదు.

2021లో మేము ఊరు విడిచితిమి. సామాను ట్రాక్టరులో నెక్కించితిమి. తులసికోటను పెకలింపలేక, మొక్కనొక్కదానిని డబ్బాలో నాటుకొని ఒడిలో పెట్టుకొంటిమి. ఇసుఱ్ఱాయి బరువని తోలునతడు వద్దనెను. మా యత్తగారి ముఖము చూచి మఱల తానే దానిని ఎత్తి లోపల పెట్టెను. దారి పొడవున ఆతడు మాతో మాటాడలేదు. దింపునప్పుడు మాత్రము, “పైలంగ పట్టుకో అమ్మా, తులసి ఇరిగిపోతది” అని డబ్బాను రెండు చేతుల నందుకొనెను.

క్రొత్త యింటికి చేరునప్పటికి ప్రొద్దు గూకెను. వరుసగా ఒక్కతీరు ఇండ్లు. ఏది యెవరిదో గుర్తుపట్టుటకు నెంబరు తప్ప మఱియొకటి లేదు. క్రొత్త యింట మొట్టమొదట పాలు పొంగింపవలెనని మన పెద్దల మాట. ఆ హడావిడిలో పాలు తెచ్చుకొనుట మఱచితిమి. దుకాణమెక్కడనో తెలియదు. మా యత్తగారు గడపయొద్ద కూర్చుండి కొంగుతో ముఖము కప్పుకొనిరి. డెబ్బది యేండ్లు బ్రదికిన యూరు విడిచి వచ్చినపుడు రాని కన్నీరు, చెంబెడు పాలు లేవన్నప్పుడు వచ్చినది.

ఆ వీథిలో ఇంకను కొన్ని గోడలకు పని జరుగుచుండెను. పని ముగించుకొని పోవుచున్న కూలి స్త్రీ యొకతె మా గడపముందు ఆగెను. కాళ్లనిండ సిమెంటు దుమ్ము. ఆమె మాట మా సీమ మాట గాదు, పాలమూరు వైపు యాస. “ఎందుకేడుస్తుండవ్వా?” అని అడిగి, సంగతి విని, ఏమియు ననక వెళ్లిపోయెను. కొంతసేపటికి స్టీలు చెంబుతో పాలు తెచ్చెను. తన బిడ్డకని ఉంచుకొన్న పాలని తరువాత మాకు స్ఫురించినది. “నేను గూడ ఊరిడిసి వచ్చిందాన్నే. పొంగియ్యిండ్రి. చెంబు రేపు తీస్కపోత” అని చెప్పి చీకటిలో కలిసిపోయెను.

పాలు పొంగినవి. మఱునాడు ఆమె రాలేదు. రెండు దినములైన పిమ్మట వెదకుకొని పోగా, ఆ గుంపు వేఱొక పనికి తరలిపోయినదని మేస్త్రీ చెప్పెను. ఎక్కడికో ఆతనికి తెలియదు. పాలమూరు కూలీల సంగతి మీరెఱుగనిది గాదు. కఱవు నేలనుండి బయలుదేఱి దేశమంతట ఆనకట్టలు, కాలువలు, మేడలు కట్టినవారు వారు. తాము కట్టిన యింట ఒక్క పూటయైనను ఉండక మఱియొక తావునకు పోవుట వారి బ్రదుకు. అట్టి యామె చెంబు మా యింట నిలిచిపోయినది.

ఒకరి గిన్నెను ఉత్తగిన్నెగా తిరిగి ఇయ్యరాదనుట మన యిండ్లలోని మర్యాద. చక్కెరయో, నాలుగు కాయలో వేసి ఇయ్యవలెను. ఆ చెంబులో నేమి వేసి యెవరికి ఇయ్యవలెను? చాల దినములు ఇది మమ్ము బాధించినది. తుదకు మాకు తోచినది మీకు చెప్పుచున్నాము. బంధువుల మేలు బంధువులకే తీర్చవలెను. దానికి పద్దు పుస్తకము గలదు. ఎఱుగనివారి మేలు వారికి తీర్చుటకు వీలులేదు. తీర్చుటకు వీలులేదు గనుక తీఱిపోయినదనుకొనరాదు. అది మన చేతిలో నిలువ యున్న పరుల సొమ్ము. మఱియొక యెఱుగనివారికి ఇచ్చినపుడే అది చేరవలసినచోటికి చేరును. నాడు నీరు లేక మా వాకిటినుండి పోయిన తల్లికిని, పాలు తెచ్చిన యీ తల్లికిని మేము పడిన ఋణమొక్కటే. ఇద్దఱికిని నేరుగా తీర్చలేము. దారిన వచ్చు మూడవ మనిషికే తీర్చవలెను.

అప్పటినుండి చూచుచున్నకొలది, ఇట్టి మేలులు మనకు దినమును జరుగుచునే యున్నవి. తెలంగాణములో 2023వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించిరి. బస్సులు క్రిక్కిఱిసినవి. సీటుకై మాటామాట పెఱిగిన వేళలు మేమును చూచితిమి. కాని ఆ గుంపులోనే, తాను నిలుచుండి నిండు చూలాలిని కూర్చుండబెట్టిన కాయగూరలామెను చూచితిమి. నెత్తిగంప దించుటకు ఎవరును పిలువకుండనే నాలుగు చేతులు చాచుట చూచితిమి. మావారు వేఱొక బడికి బదిలీయైన మొదటి దినమున సద్ది తీసికొనిపోలేదు. పిల్లలకు మధ్యాహ్న భోజనము వండునామె, ఆయన యెవరో సరిగా తెలియకయే, తన యింటినుండి తెచ్చుకొన్న రొట్టెలో సగము విఱిచి, పచ్చడితో ఆకులో పెట్టి, “కొత్త సారట గద, తినుండ్రి” అని బల్లమీద ఉంచి పోయెను. ఆయన నేటికిని ఆ సంగతి చెప్పుచుందురు. ఆమె దానిని ఏనాడో మఱచియుండును.

ఇవి చిన్న సంగతులని తీసివేయరాదు. కొలత చిన్నదైనంత మాత్రమున విలువ చిన్నది గాదని భారతములో ఆశ్వమేధిక పర్వమందు సక్తుప్రస్థుని కథ చెప్పుచున్నది. కురుక్షేత్రమున పరిగె గింజలేరుకొని బ్రదుకు నొక పేద గృహస్థు, భార్య, కొడుకు, కోడలు, చాల దినముల ఆకలి తరువాత కొంచెము పేలపిండి సమకూర్చుకొని నాలుగు భాగములు చేసికొనిరి. అంతలో నొక అతిథి వచ్చెను. ఒకరి తరువాత నొకరు తమ భాగమును అతనికి పెట్టిరి. అక్కడ రాలిన పిండిలో పొరలిన ముంగిస దేహము సగము బంగారమాయెను. తక్కిన సగమునకై అది ధర్మరాజు అశ్వమేధము జరిగిన చోటికి పోయి పొరలెను. ఒక్క వెండ్రుకయు మాఱలేదు. ఈ కథలో మనము గమనింపవలసినది మఱియొకటి గలదు. ఆ యింటి ఆడువారిరువురును, అత్తయు కోడలును, ఎవరి బలవంతమును లేక తమ తమ పాలు తామే తెచ్చి పెట్టిరి.

పురాణములు మాత్రమే యేల? 1261వ సంవత్సరపు మల్కాపురము శాసనమున, రాణి రుద్రమదేవి యిచ్చిన మందడము గ్రామపు రాబడినుండి విశ్వేశ్వర శివాచార్యులవారు విద్యార్థులకు మఠము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రము ఏర్పఱచిన విషయము చెక్కబడియున్నది. ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని నిర్ణయము. పేరును కులమును అడుగకుండుటను ఒక ధర్మముగ రాతిమీద వ్రాసిన నేల మనది.

గోదావరి లంకలలో గన్నవరమునందు డొక్కా సీతమ్మగారు ఇట్లే జీవించిరి. ఆమె 1841లో మండపేటలో పుట్టి, 1909లో పరమపదించిరి. భర్త జోగన్నగారితో కూడి దారిన బోవు ఆకలిగొన్నవారికెల్ల, వేళ యనక, వర్ణమనక వండి పెట్టిరి. ఒకమాఱు అంతర్వేది స్వామిని సేవింప బయలుదేఱి, దారిలో విశ్రమించియుండగా, ఆకలితో నడచుచున్న కుటుంబమొకటి, ఇంకొంత దూరము పోయినచో సీతమ్మగారింట అన్నము దొరకునని పిల్లలను ఊఱడించుట విని, ఆమె యాత్ర మానుకొని ఇంటికి తిరిగివచ్చిరని చెప్పుకొందురు. గన్నవరమున గోదావరి పాయపై కట్టిన అక్విడక్టుకు నేడు ఆమె పేరున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే పెట్టినది. ఆమె యేలిన రాజ్యమేమియు లేదు. వెలిగించిన పొయ్యి మాత్రమే గలదు.

మన కాలమున జరిగినది చూడుడు. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ వచ్చినపుడు, హైదరాబాదులో పనులు పోయిన ఉత్తరాది కూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను భుజముల నెత్తుకొని, మేడ్చలు మీదుగ నాగపురము పోవు 44వ నెంబరు జాతీయ రహదారి వెంబడి నడచిరి. మనిషిని చూచి మనిషి భయపడిన దినములవి. అయినను ఆ దారి వెంట అన్నపు పొట్లములు, మజ్జిగ, అరటిపండ్లు, కాళ్లు కాలకుండ చెప్పులు పంచినవారు బయలుదేఱిరి. తీసికొన్నవారి భాష ఇచ్చినవారికి రాదు. ఇచ్చినవారి ముఖము మాస్కు చాటున నున్నందున తీసికొన్నవారికి తెలియదు. పేరడుగని మేలునకు అంతకన్న తార్కాణము వేఱొకటి కావలెనా?

ఇక్కడ మా పాఠకురాండ్రు రెండు మాటలు అడుగవచ్చును. మొదటిది, “ఈ రోజులలో ఎఱుగనివారిని నమ్మవచ్చునా? ఫోనులో తీయని మాటలు చెప్పి డబ్బు దోచుకొనువారు గలరు. ఒంటరిగ నున్న యింట తలుపు తెఱచుట ఎట్లు?” ఈ భయము కల్ల గాదు. మేమును దానికి లోబడినవారమే. కాని జాగ్రత్త వేఱు, కాఠిన్యము వేఱు. గడియ తీయకుండనే కిటికీలోనుండి నీళ్ల చెంబు అందింపవచ్చును. నాడు మాకీ యుపాయము తోచకపోవుటకు కారణము భయము గాదు. ఇయ్యవలెనన్న తలంపే లేకుండుట. ఇయ్యదలచినవారికి జాగ్రత్తగ నిచ్చు దారియు దొరకును. ఆడుపిల్లలకు ఎవరిని నమ్మరాదో చెప్పుట మన విధి. దానితో పాటు, తమకు మేలు చేసినవారిని గుర్తించుటయు నేర్పనిచో, లోకమంతయు దొంగలే యను తలంపుతో వారు పెఱుగుదురు. అదియు వారికి క్షేమము గాదు.

రెండవది ఇంతకన్న బరువైన మాట. “ఊరు పోయినవారికి చెంబెడు పాలు బదులా? ఇట్టి చిన్న మేలులను పొగడుచు కూర్చున్నచో పెద్ద నష్టములను మఱచిపోమా?” అని. లేదు, బదులు గాదు. మా యత్తగారు నేటికిని నిద్రలో మా పాత యింటి బావియొద్దకు పోవుచుందురు. ఆ బావికి చెంబెడు పాలు సమానమని మేము చెప్పము. న్యాయముగ రావలసినదానిని దయగా వచ్చినదానితో సరిపెట్టుకొమ్మనుట మా యుద్దేశము గాదు. హక్కును అడుగవలసినచోట గట్టిగా అడుగవలెను. కాని ఆ సాయంకాలము ఒక ముసలితల్లి తన క్రొత్త యింట పొయ్యి ముట్టింపగలిగినది. కీడు జరిగిన చోటనే మేలును జరిగినది. రెండును నిజమే. కీడునొక్కదానినే లెక్క పెట్టుకొన్నచో ఆ పాలమూరు సోదరికి మేము అన్యాయము చేసినవారమగుదుము.

కావున గృహిణులమైన మనము చేయదగినవి మూడు మాకు కనబడుచున్నవి.

ఒకటి, మేలును సిగ్గుపడక స్వీకరించుట. “వద్దు వద్దు, మాకెందుకు” అని పెనగులాడుట మనలో ననేకులకు అలవాటు. ఎదుటివారు మనసారా ఇచ్చినది తీసికొనుటయు వారికి చేయు గౌరవమే.

రెండు, నోరు తెఱచి చెప్పుట. థాంక్స్ అని చెప్పుట మన యవ్వలకు తెలియదు గనుక కృతజ్ఞత చెప్పు మాట మనకు లేదని కొందఱందురు. లేకేమి? “నీ కడుపు సల్లగుండ”, “నీ బిడ్డలు సల్లగుండ”, “నిండు నూఱేండ్లు బతుకు” అని మన పల్లెలలో వినబడునది మఱేమి? దానిలో కృతజ్ఞతయు నున్నది, దీవెనయు నున్నది. మనకంటె చిన్నవారైనను, కూలివారైనను, ఆ మాట వారి ముఖము చూచి చెప్పవలెను.

మూడు, ఇంటికి వచ్చి పిల్లలకు చెప్పుట. రాత్రి అన్నము తినుచు, “నేడు మనకెవరు మేలు చేసిరి?” అని మా యింట ఒకమాఱు అడుగుకొనుట అలవాటు చేసికొంటిమి. మొదట పిల్లలు నవ్విరి. ఇప్పుడు వారే ముందుగా చెప్పుచున్నారు. సైకిలు చైను ఊడినపుడు ఎక్కించి ఇచ్చిన ముసలాయన, పెన్ను మఱచినపుడు తన రెండవ పెన్ను ఇచ్చిన వేఱు తరగతి పిల్ల. వెదకు కన్నుండవలెను గాని, ఏమియు లేని దినము ఇంతవఱకు రాలేదు.

గడచిన వేసవిలో మా వీథి ఆడువారమందఱము కలిసి దారిప్రక్కన చలివేంద్రము పెట్టితిమి. పెద్ద యేర్పాటేమియు లేదు. రెండు రంజన్లు, వాటిచుట్టు తడిగోనె, పైన తాటాకు నీడ. వంతుల ప్రకారము ప్రొద్దుననే నీరు నింపితిమి. అక్కడ నీరు ముంచి పోయుటకు మేము పాలమూరు సోదరి చెంబునే ఉంచితిమి. త్రాగినవారిలో మా యూరివారు గలరు, కానివారు గలరు. ఒక మధ్యాహ్నము బిడ్డను చంక నెత్తుకొన్న యొకామె వచ్చి నీరు త్రాగి, బిడ్డకు త్రాగించి, “ఏ ఊరక్కా మీది?” అని అడిగెను. “వేములఘాట్” అంటిమి. ఆమె ఆ పేరు వినియుండలేదు. “సల్లటి నీళ్లక్కా” అని చెప్పి, చెంబు బోర్లించి పోయెను. మేము ఆమె పేరడుగలేదు.

సోదరీమణులారా! ఈ పత్రిక మూసి మీ పనిలోనికి పోవుటకు ముందు ఒక్క నిమిషము ఆలోచింపుడు. పేరు తెలియని యొకరి చెంబు మీ యింటను తప్పక ఉండియుండును. దానిని ఉత్తగా ఉంచకుడు.